ఓడలో భూమిని చుట్టిన తొలి ప్రయాణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"మాజిలాన్ ప్రపంచాన్ని చుట్టి వచ్చి భూమి గుండ్రంగా ఉందని నిరూపించాడు." మనలో చాలామందిమి బడిలో బట్టీ పట్టిన వాక్యం ఇది. ఆయన చుట్టి రాలేదు. నిరూపించడానికి వెళ్ళనూ లేదు. వెళ్ళింది లవంగాల కోసం. ఆ ప్రయాణం గురించి, దాని తర్వాత రెండున్నర శతాబ్దాల్లో జరిగిన మరికొన్నింటి గురించి చాలామంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి.

ఓడలో ప్రపంచాన్ని మొదట చుట్టి వచ్చింది మాజిలాన్ కాకపోతే మరెవరు?

బయల్దేరదీసింది మాజిలానే, తిరిగొచ్చింది వేరేవాళ్ళు. ఆయన 1519 సెప్టెంబర్ 20న స్పెయిన్‌లోని సాన్‌లూకర్ రేవు నుంచి ఐదు ఓడలతో కదిలాడు. 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లో మక్టాన్ అనే చిన్న దీవి ఒడ్డున జరిగిన పోరులో చనిపోయాడు. చివరికి మిగిలిన ఒకే ఒక్క ఓడ విక్టోరియాను 1522 సెప్టెంబర్ 6న అదే రేవుకు చేర్చినవాడు హువాన్ సెబాస్టియన్ ఎల్కానో. మూడేళ్ళకు రెండు వారాలు తక్కువ. వెళ్ళినవాళ్ళు సుమారు 240 మంది. ఆ రోజు ఓడ దిగినవాళ్ళు ఎల్కానోతో కలిపి 18 మంది.

మరి పోటీ పరీక్షలో ఏది టిక్ పెట్టాలి?

"యాత్రకు నాయకత్వం వహించినవాడు" అంటే మాజిలాన్, "పూర్తి చేసినవాడు" అంటే ఎల్కానో. ఆప్షన్లలో ఎల్కానో పేరే లేకపోతే పేపరు తయారుచేసినాయన మనసులో ఉన్నది మాజిలానే. అక్కడ వాదనకు దిగకండి. పుస్తకాన్ని బట్టి మాగెల్లాన్, మెగలన్ అని కూడా కనిపిస్తుంది. మనిషి ఒకడే.

భూమి గుండ్రమని నిరూపించడానికి కాకపోతే ఎందుకు వెళ్ళారు?

భూమి గుండ్రమన్న సంగతి అప్పటికి చదువుకున్నవాళ్ళకు కొత్త కాదు. క్రీస్తుకు రెండు వందల ఏళ్ళ ముందే ఎరటోస్తనీస్ దాని చుట్టుకొలత లెక్కగట్టాడు. మన ఆర్యభటుడు కదంబ పువ్వును ఉదాహరణగా చెప్పాడు. ఆ పూబంతి చుట్టూ అన్ని వైపులా రేకులు ఎలా ఉంటాయో, భూగోళం చుట్టూ ప్రాణులు అలా ఉంటాయన్నాడు. అసలు మన మాటలోనే 'గోళం' ఉంది కదా.

వాళ్ళకు కావలసింది లవంగాలు. ఇవాళ కిరాణా కొట్లో చిన్న పొట్లంగా దొరికే లవంగం అప్పట్లో ప్రపంచం మొత్తం మీద ఇప్పటి ఇండోనేషియాలోని కొన్ని చిన్న దీవుల్లోనే పండేది. టెర్నేట్, టిడోర్ వాటిలో ముఖ్యమైనవి. వాటినే మొలక్కా దీవులు అంటారు. మలేషియాలోని మలక్కా రేవు వేరు, ఇవి వేరు. రెండూ ఈ కథలో వస్తాయి కాబట్టి ముందే చెబుతున్నాను. అక్కడి లవంగం అరబ్, గుజరాతీ, వెనిస్ వర్తకుల చేతులు మారుతూ యూరప్ చేరేసరికి ధర చుక్కల్లో ఉండేది.

పోర్చుగీసు మనిషి స్పెయిన్ రాజు కొలువులో ఎలా చేరాడు?

సొంత రాజు పొమ్మన్నాడు కాబట్టి. మాజిలాన్ 1505లో పోర్చుగీసు నౌకాదళంతో మన దేశానికి వచ్చినవాడు. 1509లో డయ్యూ దగ్గర జరిగిన సముద్ర యుద్ధంలో ఉన్నాడు, 1511లో మలక్కా ముట్టడిలోనూ ఉన్నాడు. అంతా చేసి ఇంటికెళ్ళి జీతం పెంచమంటే రాజు మాన్యుయెల్ కుదరదన్నాడు. వేరే చోట కొలువు చూసుకోవచ్చా అంటే నీ ఇష్టమన్నాడు. 1517లో సెవిల్ చేరి మరుసటి ఏడు, అప్పుడే పద్దెనిమిదేళ్ళు నిండిన స్పెయిన్ రాజు చార్లెస్‌ను ఒప్పించాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. 1494లో టోర్డెసియాస్ అనే ఊళ్ళో స్పెయిన్, పోర్చుగల్ అట్లాంటిక్ మీద నిలువుగా ఒక గీత గీసుకుని, తూర్పు నీది, పడమర నాది అని పంచుకున్నాయి. అక్కడ ఉండేవాళ్ళను అడిగింది లేదు, వాళ్ళకు చెప్పింది లేదు. ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళే తూర్పు దారి పోర్చుగల్‌ది. కాబట్టి పడమర నుంచి వెళ్తే లవంగాల దీవులు స్పెయిన్ వాటాలోకే వస్తాయన్నది మాజిలాన్ వాదన. ఆ వాదన తప్పు. ఆ దీవులు పోర్చుగల్ వైపే ఉన్నాయి. కానీ సముద్రం మీద తూర్పు పడమరల దూరాన్ని సరిగ్గా కొలిచే పద్ధతి అప్పటికి లేదు కాబట్టి ఎవరి మాట వాళ్ళది. చివరికి 1529లో చార్లెస్ ఆ హక్కును 3,50,000 డుకాట్లకు (అప్పటి యూరప్ బంగారు నాణేలు) పోర్చుగల్‌కే అమ్మేశాడు. తనది కాని పొలాన్ని పక్కవాడికి రిజిస్టర్ చేసిచ్చినట్టు.

ఐదు ఓడల్లో మిగతా నాలుగు ఏమయ్యాయి?

శాంటియాగో 1520లో దక్షిణ అమెరికా తీరంలో తుఫానుకు బద్దలైంది. శాన్ ఆంటోనియో అనే ఓడ దక్షిణ అమెరికా కొసన ఉన్న జలసంధి మధ్యలో చెప్పాపెట్టకుండా వెనక్కి తిరిగి స్పెయిన్ వెళ్ళిపోయింది. పెద్ద ఓడ అది, తిండి సరుకు ఎక్కువగా దాంట్లోనే ఉంది. కాన్సెప్సియాన్‌ను నడపడానికి మనుషులు చాలక ఫిలిప్పీన్స్‌లో తామే తగలబెట్టారు. ట్రినిడాడ్ లవంగాలు నింపుకుని మళ్ళీ పసిఫిక్ దాటి పనామా వైపు పోవాలని చూసింది. ఎదురుగాలి తిప్పికొట్టింది, చివరికి పోర్చుగీసువాళ్ళ చేతికి చిక్కింది. దాని కెప్టెన్ ఎస్పినోసా మన కొచ్చిన్‌లో కూడా ఖైదీగా ఉన్నాడు. ఆ ఓడ మనుషుల్లో ఏళ్ళ తర్వాత స్పెయిన్ చేరినవాళ్ళను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

దారిలో తిరుగుబాటు జరిగిందంటారు, నిజమేనా?

నిజమే. 1520 ఏప్రిల్ మొదట్లో, ఇప్పటి అర్జెంటీనాలోని సాన్ హులియాన్ రేవులో. చలి, తిండికి కోత, నాయకుడేమో పరాయి దేశంవాడు, ఎక్కడికి పోతున్నామో నోరు విప్పి చెప్పడు. స్పానిష్ కెప్టెన్లు ముగ్గురు ఎదురుతిరిగారు. మాజిలాన్ ఒక్కరోజులో అణిచేశాడు. మెండోసాను పొడిచి చంపించాడు, కెసాడా తల నరికించాడు, కార్టహేనాను ఒక పాదిరీతో సహా ఆ ఒడ్డునే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంకో నలభై మందికి మరణశిక్ష వేసి, ఓడలు నడపడానికి మనుషులు కావాలి కాబట్టి క్షమించాడు. ఆ క్షమించినవాళ్ళలో ఒకడు ఎల్కానో! ఆ రోజు ఆయన తల పోయి ఉంటే విక్టోరియాకు ఇంకెవరు దిక్కయ్యేవారో.

దీనికి ఒక కొసమెరుపు ఉంది. 58 ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ డ్రేక్ అదే రేవులో ఆగాడు. మాజిలాన్ నాటి ఉరికొయ్య అతని మనుషులకు కనిపించింది. డ్రేక్ కూడా అక్కడే తన తోటి నాయకుడు థామస్ డౌటీని విచారించి తల తీయించాడు.

పసిఫిక్ దాటడం ఎందుకంత కష్టమైంది?

దాని వెడల్పు ఎవరికీ తెలియదు కాబట్టి. 1520 అక్టోబర్ 21న ఓడలు ఇప్పుడు మాజిలాన్ పేరుతో ఉన్న జలసంధిలోకి దూరాయి. కొండల మధ్య మెలికలు తిరిగే నీళ్ళలో 38 రోజులు వెతుక్కుంటూ నవంబర్ 28న అవతలకి వచ్చాయి. అక్కడి నుంచి నాలుగు రోజుల్లోనో వారంలోనో దీవులు తగులుతాయని ఆశ. తగిలింది 98 రోజుల తర్వాత, గ్వామ్ దీవి దగ్గర. మధ్యలో కనిపించినవి మనుషులు లేని రెండు చిన్న దీవులు మాత్రమే. తుఫాన్లు రాలేదు, అందుకే ప్రశాంత సముద్రం అని పేరు పెట్టారు. ఆకలితో చస్తున్నవాళ్ళకు ఆ పేరు పెట్టే ఓపిక ఎలా వచ్చిందో.

ఏం తిన్నారో ఓడలో ఉన్న ఇటలీ మనిషి అంటోనియో పిగఫెట్టా రాసిపెట్టాడు. బిస్కెట్లు పొడి అయిపోయాయి, పొడి నిండా పురుగులు, పైగా ఎలుకల మూత్రం కంపు. నీళ్ళు పసుపురంగుకు తిరిగాయి. తెరచాప కొయ్యకు చుట్టిన ఎద్దుతోలు ఊడదీసి, నాలుగైదు రోజులు సముద్రంలో నానబెట్టి, నిప్పుల మీద కాల్చుకుని తిన్నారు. రంపపు పొట్టు తిన్నారు. ఎలుక ఒక్కోటి అర డుకాటు పలికింది, అదీ దొరికితే. చిగుళ్ళు వాచి పళ్ళను కప్పేసి, ఏమీ నమలలేక పందొమ్మిది మంది చనిపోయారు. అది స్కర్వీ. విటమిన్ సి లేకపోతే వచ్చే జబ్బు. ఒక్కో ఓడలో నాలుగు జాడీలు ఉసిరికాయ పచ్చడి ఉంటే ఏమయ్యేదా అని చదివినప్పుడల్లా అనుకుంటాను.

గ్వామ్ చేరాక ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. అక్కడి చమోరోలు ఓడ వెనక కట్టిన చిన్న పడవ పట్టుకుపోయారని మాజిలాన్ ఒడ్డుకు దిగి నలభై యాభై ఇళ్ళు తగలబెట్టి ఏడుగురిని చంపించాడు. ఆ దీవులకు 'దొంగల దీవులు' అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరికి ఎక్కువ సరిపోతుందో చదివేవాళ్ళే తేల్చుకోవచ్చు.

మాజిలాన్ ఎలా చనిపోయాడు?

తనది కాని తగాదాలో తలదూర్చి. సెబూ రాజు హుమబోన్ క్రైస్తవం పుచ్చుకున్నాడు. పక్కనే ఉన్న మక్టాన్‌లో లాపులాపు అనే నాయకుడు నేను లొంగనన్నాడు. హుమబోన్ సాయం వస్తానంటే, మీరు పడవల్లో కూర్చుని మావాళ్ళు ఎలా పోరాడతారో చూడండి అన్నాడు మాజిలాన్. ఒడ్డు దగ్గర నీళ్ళు లోతు లేక, అడుగున రాళ్ళుండి పడవలు దూరంగానే ఆగిపోయాయి. అక్కడి నుంచి ఫిరంగులు అందవు. దాదాపు యాభై మంది తొడల లోతు నీళ్ళలో నడిచి వెళ్తే, ఎదురుగా పదిహేను వందల మంది ఉన్నారని పిగఫెట్టా లెక్క. ఆ లెక్కలో కొంత అతిశయం ఉండొచ్చు. ఫలితంలో మాత్రం లేదు. శవాన్ని కూడా తిరిగి ఇవ్వలేదు. ఇవాళ ఫిలిప్పీన్స్‌లో లాపులాపు జాతీయ వీరుడు, ఆ దీవిలోని నగరానికి ఆయన పేరే.

ఎన్రికే అనే బానిస నిజంగా అందరికంటే ముందే చుట్టేశాడా?

నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చే మనిషి ఇతనే. 1511లో మలక్కాలో మాజిలాన్ చేతికి చిక్కిన కుర్రాడు. పోర్చుగల్, స్పెయిన్ తీసుకెళ్ళి, దుబాసీగా పనికొస్తాడని ఓడెక్కించారు. 1521 మార్చి 28న లిమసావా దీవి దగ్గర ఒక చిన్న పడవలో వచ్చినవాళ్ళను అతను మలయ్ భాషలో పలకరించాడు. వాళ్ళకు అర్థమైంది! పడమరగా పోతూ పోతూ, తన మాట తెలిసిన మనుషుల దగ్గరకు చేరుకున్నాడన్న మాట. అప్పటిదాకా ఇంకెవరికీ దక్కని అనుభవం అది.

మాజిలాన్ తన వీలునామాలో, నేను పోతే ఎన్రికేకు విముక్తి, ఇంత సొమ్ము అని రాశాడు. ఆయన పోయాక కొత్త నాయకుడు బార్బోసా అదేం కుదరదు, ఇంటికెళ్ళాక దొరసాని దగ్గర బానిసగానే ఉండాలి, మాట వినకపోతే కొరడా అన్నాడు. తర్వాత కొద్ది రోజులకే, మే 1న, హుమబోన్ విందుకు పిలిచి వచ్చినవాళ్ళను చంపించాడు. బార్బోసా కూడా పోయాడు. దీని వెనక ఎన్రికే ఉన్నాడని పిగఫెట్టా ఆరోపణ. ఆ తర్వాత అతని ఊసు ఏ కాగితంలోనూ లేదు. సెబూ నుంచి మలక్కాకు వర్తకుల పడవలు తిరిగేవి. ఏదో ఒకటి ఎక్కి ఇల్లు చేరి ఉంటే ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషి అతనే.

ఎల్కానో ఓడను ఎలా తీసుకొచ్చాడు?

దొంగచాటుగా. 1521 నవంబర్ 8న టిడోర్ చేరి బట్టలు, గొడ్డళ్ళు, గాజు సామాను ఇచ్చి లవంగాలు కొన్నారు. అక్కడ తూకానికి వాడే మాట 'బహార్', మన 'భారం' నుంచి వెళ్ళిందే. డిసెంబర్ 21న విక్టోరియా 60 మందితో బయల్దేరింది. అందులో 13 మంది ఆ దీవులవాళ్ళు. హిందూ మహాసముద్రంలో ఏ రేవులో ఆగినా పోర్చుగీసువాళ్ళు పట్టేస్తారు కాబట్టి తీరానికి దూరంగా, ఆగకుండా పోయారు. ఓడ కారుతోంది, రాత్రింబవళ్ళు నీళ్ళు తోడుతూనే ఉన్నారు.

1522 జూలై 9న కేప్‌వర్డ్ దీవుల్లో ఇక తప్పక ఆగారు. అదీ పోర్చుగల్‌దే. మేం అమెరికా నుంచి వస్తూ తుఫానులో చిక్కుకున్నామని అబద్ధం చెప్పి రెండుసార్లు పడవ నిండా బియ్యం తెచ్చుకున్నారు. మూడోసారి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. నిజం బయటపడి 13 మందిని పట్టుకున్నారు. ఎల్కానో వాళ్ళను అక్కడే వదిలి తెరచాపలెత్తాడు. తర్వాత వాళ్ళు విడుదలై ఇంటికొచ్చారు. 18 మంది అని మనం అంటున్న లెక్కలో వీళ్ళు లేరు.

ఒక రోజు మాయమైందంటారు. అదేమిటి?

కేప్‌వర్డ్‌లో ఒడ్డుకు దిగినవాళ్ళు ఇవాళ ఏ వారం అని అడిగారు. గురువారం అన్నారు. ఓడ లెక్కలో బుధవారం. పిగఫెట్టాకు మతిపోయింది. ఒక్క రోజు కూడా జబ్బు పడకుండా, రోజూ తప్పక డైరీ రాసినవాడు. ఎక్కడ తప్పు జరిగింది?

తప్పు జరగలేదు. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసేటప్పుడు అక్కడ టైమ్ ఎంతో లెక్కేసుకునే ప్రతి అమ్మకూ ఈ సంగతి తెలుసు. పడమరకు పోయేకొద్దీ గడియారం వెనక్కి. పదిహేను డిగ్రీలకు గంట, ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. పడమరగా పోయే ఓడ సూర్యుడి వెంట పడుతున్నట్టే, కాబట్టి ఓడలో ఒక్కో పగలూ రాత్రీ కలిపి 24 గంటల కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. రోజుకు నిమిషం, రెండు నిమిషాలు. ఎవరూ గమనించరు. మొత్తం 360 డిగ్రీలు తిరిగేసరికి ఆ చిల్లరంతా పోగై సరిగ్గా 24 గంటలవుతుంది. వాళ్ళు సూర్యోదయాలు ఒకటి తక్కువ చూశారు, అంతే. స్పెయిన్‌లో వెనిస్ రాయబారిగా ఉన్న గాస్పరో కాంటరీని ఈ లెక్కను విప్పి చెప్పాడు.

అప్పటి క్రైస్తవులకు ఇది సరదా విషయం కాదు. ఏకాదశి ఉపవాసం ద్వాదశి నాడు చేశామని తెలిస్తే మన పెద్దవాళ్ళకు ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది వాళ్ళకు.

దీని తోక చాలా పొడుగు. తర్వాత స్పానిష్‌వాళ్ళు మెక్సికో మీదుగా ఫిలిప్పీన్స్‌ను పాలించారు కాబట్టి అక్కడ అమెరికా తేదీలే నడిచాయి, పక్కనున్న ఆసియా కంటే ఒక రోజు వెనక. 1844లో ఆ తప్పు దిద్దారు. డిసెంబర్ 30 తర్వాత నేరుగా 1845 జనవరి 1 వచ్చింది. మనీలాలో ఆ ఏడు డిసెంబర్ 31 అనే రోజే లేదు.

ఇంతా చేస్తే లాభం వచ్చిందా?

విక్టోరియా తెచ్చిన సుమారు 26 టన్నుల లవంగాలు అమ్మితే నాలుగు ఓడలు పోయినా ఖర్చు దాదాపు తిరిగొచ్చింది. లవంగం ధర ఎంతుండేదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎల్కానోకు రాజు భూగోళం బొమ్మతో, 'నన్ను మొదట చుట్టినవాడివి నువ్వే' అని లాటిన్ రాతతో ఒక చిహ్నం ఇచ్చాడు. అందులో దాల్చినచెక్క, జాజికాయ, లవంగాల బొమ్మలు కూడా ఉన్నాయి, మన మసాలా డబ్బాలాగే. ఏడాదికి 500 డుకాట్ల పింఛనూ ప్రకటించాడు. ఆ డబ్బు చేతికి అందకముందే 1526లో మళ్ళీ అదే దారిలో వెళ్తూ ఎల్కానో పసిఫిక్‌లో చనిపోయాడు.

రెండోసారి చుట్టింది ఎవరు?

ఫ్రాన్సిస్ డ్రేక్, 1577 నుంచి 1580 వరకు. బయల్దేరిన నాయకుడే ప్రాణాలతో తిరిగి రావడం అదే మొదటిసారి. ఇంగ్లండ్‌కు వీరుడు, స్పెయిన్‌కు సముద్రపు దొంగ. రెండూ నిజమే. 1579 మార్చిలో ఒక స్పానిష్ ఓడను పట్టుకుని 26 టన్నుల వెండి దోచాడు. ఆ తర్వాత వచ్చిన దారిన వెనక్కి పోతే స్పానిష్‌వాళ్ళు కాచుకుని ఉంటారు. అందుకే పడమర పట్టాడు. టెర్నేట్‌లో లవంగాలు కొని, సులవేసి దగ్గర రాతిదిబ్బ మీద ఓడ ఎక్కితే, బరువు తగ్గించడానికి మూడు టన్నుల లవంగాలు, కొన్ని ఫిరంగులు సముద్రంలో పారేశాడు. వెండి మాత్రం పారేయలేదు. 1581లో ఎలిజబెత్ రాణి ఓడ మీదికే వచ్చి సర్ బిరుదు ఇప్పించింది.

ఆ తర్వాత?

థామస్ కావెండిష్ (1586–88), డచ్చివాడు ఒలివియర్ వాన్ నూర్ట్ (1598–1601) వరసగా వచ్చారు. వాన్ నూర్ట్ అంతకుముందు రాటర్‌డ్యామ్‌లో సత్రం నడిపినవాడు. 1616లో స్కౌటెన్, లె మేర్ మాజిలాన్ జలసంధిని వదిలి ఇంకా దక్షిణాన కొత్త దారి కనిపెట్టి, తమ ఊరు హూర్న్ పేరు మీద కేప్ హార్న్ అని పేరు పెట్టారు. అంత కష్టపడి జావా చేరితే, సాటి డచ్చి కంపెనీవాళ్ళే మా గుత్తాధిపత్యాన్ని అతిక్రమించారంటూ ఓడను జప్తు చేశారు.

ఈ మసాలా వ్యాపారానికి తెలుగు నేలతో సంబంధం ఏమైనా ఉందా?

ఉంది, గట్టిదే. లవంగాల దీవులవాళ్ళకు యూరప్ సరుకు మీద పెద్ద మోజు లేదు. వాళ్ళకు కావలసింది మన తీరపు బట్ట. అందుకే డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో, ఇప్పటి నిజాంపట్నంలో దుకాణాలు తెరిచారు. ఇక్కడి నేత బట్టలు, అద్దకం బట్టలు కొని ఓడల్లో తీసుకెళ్ళి అక్కడ మసాలాలకు మార్చుకునేవారు.

ఓడ సొంతం లేకుండా, మామూలు ప్రయాణికుడిలా ఎవరైనా చుట్టారా?

ఇటలీ లాయరు జెమెల్లి కరేరి చుట్టాడు, 1693 నుంచి 1698 వరకు. దొరికిన వర్తక ఓడ ఎక్కుతూ, మధ్యలో నేల మీద నడుస్తూ. ఒకచోట సరుకు కొని ఇంకోచోట అమ్ముకుని దారి ఖర్చులు గడుపుకునేవాడు. 1695లో గోవా నుంచి దక్కన్‌లోకి వచ్చి, కృష్ణా తీరాన గల్గలి దగ్గర దిగి ఉన్న ఔరంగజేబు దండును, ముసలి పాదుషానూ చూశాడు. మనీలా నుంచి మెక్సికో దాకా అతని ఓడ ప్రయాణం 204 రోజులు పట్టింది.

స్కర్వీకి మందు ఎప్పుడు దొరికింది?

చాలా ఆలస్యంగా. 1740లో ఇంగ్లిష్ కమాండర్ జార్జ్ ఆన్సన్ సుమారు 1,900 మందితో బయల్దేరాడు. 1744లో ఒక్క ఓడ తిరిగొచ్చింది, అందులో మొదట బయల్దేరినవాళ్ళు 188 మంది. పోయినవాళ్ళలో ఎక్కువమంది శత్రువు చేతిలో కాదు, జబ్బుతో. కానీ స్పానిష్ ఓడను కొల్లగొట్టి తెచ్చిన వెండిని 32 బళ్ళలో లండన్ వీధుల్లో ఊరేగిస్తుంటే జనం చూసింది ఆ బళ్ళనే.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు పన్నెండు మంది రోగులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో చికిత్స ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ ఆరు రోజుల్లో దాదాపు కోలుకున్నారు. అయినా నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వమని ఆదేశించింది 1795లో. నలభై ఎనిమిదేళ్ళు! ఫైలు కదలకపోవడం మన ఆఫీసులకే ప్రత్యేకం కాదు.

కెప్టెన్ కుక్ కొత్తగా ఏం చేశాడు?

జేమ్స్ కుక్ మొదటి యాత్ర (1768–71) లవంగాలకూ కాదు, దోపిడీకీ కాదు. 1769 జూన్ 3న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని తాహితి నుంచి చూడటానికి. దక్షిణ ఖండాన్ని వెతకమన్న రహస్య ఆదేశం కూడా జేబులో ఉంది, అది వేరే సంగతి. శుభ్రత, తాజా ఆకుకూరలు, పులియబెట్టిన క్యాబేజీతో స్కర్వీని దగ్గరికి రానివ్వలేదు. తీరా బటావియా, అంటే ఇప్పటి జకార్తాలో ఆగాక మలేరియా, రక్త విరేచనాలు పట్టుకుని సుమారు 30 మంది పోయారు.

రెండో యాత్రలో (1772–75) ఓడ కుదుపుల్లోనూ టైమ్ తప్పని జాన్ హారిసన్ గడియారానికి నకలు ఒకటి వెంట తీసుకెళ్ళాడు. బయల్దేరిన చోట టైమ్ ఎంతో తెలిస్తే, ఇక్కడి మధ్యాహ్నంతో పోల్చి ఎంత తూర్పున ఉన్నామో లెక్కకట్టవచ్చు. పిగఫెట్టా రోజును మింగేసిన నాలుగు నిమిషాల లెక్కే ఇది, తిరగేసి వాడారంతే. ఈ గడియారం 1519లో ఉంటే మాజిలాన్‌ను పంపేవాళ్ళే కాదేమో.

చుట్టి వచ్చిన మొదటి మహిళ?

ఫ్రాన్స్‌కు చెందిన జాన్ బరే. 1766లో బూగన్‌విల్ నడిపిన యాత్రలో వృక్షశాస్త్రవేత్త కమర్సన్‌కు సహాయకుడిగా మగవేషంలో ఓడెక్కింది. ఫ్రెంచి నౌకాదళ ఓడల్లో ఆడవాళ్ళకు అనుమతి లేదు. కమర్సన్ కాలి పుండుతో కుంటుతుండేవాడు. కాబట్టి కొండలెక్కి మొక్కలు ఏరడం, బరువులు మోయడం చాలావరకు ఆమె పనే. తాహితిలో 1768లో గుట్టు బయటపడింది. మారిషస్‌లో కొన్నేళ్ళు ఉండి, 1775 ప్రాంతంలో ఫ్రాన్స్ చేరి చుట్టు పూర్తిచేసింది. 1785లో ప్రభుత్వం ఏడాదికి 200 లివ్రల పింఛను ఇచ్చింది. ఈ యాత్రలో బ్రెజిల్‌లో సేకరించిన ఒక తీగకు కెప్టెన్ పేరు పెట్టారు. మన ప్రహరీ గోడల మీద విరగబూసే కాగితం పూలు అవే, బోగన్‌విలియా. బరే పేరు మీద ఒక మొక్కకు పేరు పెట్టడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

చైనావాళ్ళు అంతకుముందే చుట్టేశారని వాట్సాప్‌లో చదివాను.

జెంగ్ హె నాయకత్వంలో 1405 నుంచి 1433 వరకు చైనా పెద్ద ఓడలు ఏడుసార్లు వచ్చాయి. మన కాలికట్, హోర్ముజ్, తూర్పు ఆఫ్రికా దాకా వెళ్ళాయి. అక్కడితో సరి. భూమిని చుట్టారనడానికి ఆధారం లేదు.

రెండుసార్లు చుట్టిన మేక కథ నిజమేనా?

నిజమే. పాల కోసం పెంచిన మేక. మొదట వాలిస్ ఓడ డాల్ఫిన్‌లో, తర్వాత కుక్ ఎండెవర్‌లో. మెడకు వెండి పట్టీ కట్టి, శామ్యూల్ జాన్సన్ చేత లాటిన్ పద్యం రాయించారు. 1772లో చనిపోయింది. ఎన్రికే చివరికి ఏమయ్యాడో చెప్పే ఒక్క వాక్యం కూడా లేదు, మేకకు పద్యం దక్కింది.

భారతీయులు, తెలుగువాళ్ళు ఎవరైనా చుట్టారా?

ఇది తొలి ప్రయాణాల మాట కాదు గానీ, అందరూ అడుగుతారు. తెరచాప పడవలో మొదట చుట్టిన భారత బృందం సైన్యానికి చెందిన 'తృష్ణ', 1985–87లో. ఒంటరిగా మొదట చుట్టినవాడు నౌకాదళ కమాండర్ దిలీప్ దోందే, 2009–10లో. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా చుట్టినవాడు అభిలాష్ టోమీ, 2012–13లో.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 56 అడుగుల పడవలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు బయల్దేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు తెలుగు అమ్మాయిలు, విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. వీళ్ళు విక్టోరియాకు ఎదురు దిశలో, తూర్పుగా చుట్టారు. అంటే పిగఫెట్టా పోగొట్టుకున్న రోజు వీళ్ళకు అదనంగా వచ్చినట్టే. అనుకున్న నాలుగు రేవులూ అయ్యాక, చుక్కాని దగ్గర ఇబ్బంది వచ్చి మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో కూడా ఆగాల్సి వచ్చింది. బాగు చేయించుకుని, 254 రోజుల తర్వాత, 2018 మే 21న గోవా చేరారు. వెళ్ళింది ఆరుగురు, వచ్చింది ఆరుగురు.